సి.కె.నాయుడు వారసత్వం, హాల్ ఆఫ్ ఫేమ్‌లో స్థానం

సి.కె.నాయుడుగా ప్రసిద్ధుడైన కొఠారి కనకయ్య నాయుడు (1895 అక్టోబర్ 31 - 1967 నవంబర్ 14) భారత టెస్ట్ క్రికెట్ జట్టుకు మొట్టమొదటి నాయకుడు. ఇతడు నాగపూరులో స్థిరపడిన తెలుగు కుటుంబంలో జన్మించాడు. ఇతని పూర్వీకులది కృష్ణా జిల్లా మచిలీపట్నం అని చెబుతారు. కుడిచేతి బ్యాట్స్‌మన్‌గా, బౌలర్‌గా, చురుకైన ఫీల్డర్‌గా, అన్నిటికంటే మించి సిక్సర్ల వీరుడుగా పేరు పొందిన నాయుడు భారతదేశంలో ప్రజాభిమానాన్ని పెద్ద ఎత్తున పొందిన తొలి క్రికెటర్. పద్మభూషణ్ పురస్కారం పొందిన తొలి క్రికెటర్ కూడా ఇతడే (1956).

అంతర్జాతీయ క్రికెట్ మండలి (ఐసీసీ) 2009లో ప్రారంభించిన క్రికెట్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో 2025 జూన్ నాటికి 122 మంది చేరారు. వారిలో భారతీయులు 11 మంది. భారత జట్టుకు తొలి నాయకుడైన నాయుడు పేరు అందులో లేదు. ఇతని వారసత్వం ఏమిటి, హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరడానికి అనుకూల ప్రతికూల వాదనలు ఏమిటి, చేరే అవకాశాలు ఎంతవరకు ఉన్నాయి అన్నది ఈ వ్యాస విషయం.

నేపథ్యం

19వ శతాబ్దంలో నాగపూరు ప్రాంతానికి తెలుగువారి వలస గణనీయంగా జరిగింది. నాగపూరు పక్కనే ఉన్న కాంప్టీ కంటోన్మెంటులో మద్రాసు సైన్యపు దళాలు ఉండటం అందుకొక కారణం. నాయుడు కుటుంబం మాత్రం న్యాయవాద వృత్తి ద్వారా, భూవసతి ద్వారా ఆ నగరంలో పేరు సంపాదించింది. ఇతని పితామహుడు నారాయణస్వామి నాయుడు అక్కడ పేరున్న న్యాయవాది. తమ్ముడు సి.ఎస్.నాయుడు కూడా భారతదేశం తరఫున 11 టెస్టులు ఆడాడు. కుమార్తె చంద్ర నాయుడు దేశంలో తొలి మహిళా క్రికెట్ వ్యాఖ్యాతలలో ఒకరు. తండ్రి జీవిత చరిత్రను ఆమె ఆంగ్లంలో రచించింది.

నాగపూరులోని హిస్లాప్ పాఠశాలలో చదువుతున్న రోజులలోనే నాయుడు క్రికెట్‌లో రాణించాడు. 1923లో ఇండోర్ మహారాజు మూడవ తుకోజీరావ్ హోల్కర్ ఇతనిని తన సంస్థానానికి ఆహ్వానించి సైన్యంలో కెప్టెన్ హోదా ఇచ్చాడు. తరువాత కల్నల్ అయ్యాడు. అందువల్లనే నేటికీ ఇతని పేరుకు ముందు "కల్నల్" అని చేర్చడం వాడుక. జీవితంలో ఎక్కువ భాగం ఇండోర్‌లోనే గడిపి అక్కడే మరణించాడు.

గణాంకాలు

నాయుడు విషయంలో చర్చ అంతా రెండు రకాల అంకెల మధ్య ఉన్న తేడా చుట్టూ తిరుగుతుంది.

* టెస్ట్ క్రికెట్ (1932-1936): 7 టెస్టులు, 14 ఇన్నింగ్సులు, 350 పరుగులు, సగటు 25.00, అత్యధిక స్కోరు 81, వికెట్లు 9.
* టెస్ట్ నాయకత్వం: 4 టెస్టులు, ఓటమి 3, డ్రా 1.
* ఫస్ట్ క్లాస్ క్రికెట్ (1916-1964): 207 మ్యాచ్‌లు, 11,825 పరుగులు, సగటు 35.94, సెంచరీలు 26, అత్యధిక స్కోరు 200, వికెట్లు 411, బౌలింగ్ సగటు 29.28.

మొదటి వరుసను మాత్రమే చూసినవారికి నాయుడు ఒక సామాన్య ఆటగాడు. మూడవ వరుసను కూడా చూసినవారికి దాదాపు అర్ధ శతాబ్దం పాటు ఆడిన ఆల్‌రౌండర్. ఈ రెండింటి మధ్య అంతరానికి ప్రధాన కారణం కాలం. భారతదేశం తన మొదటి టెస్ట్ ఆడిన 1932 జూన్ 25న నాయుడు వయస్సు 36 సంవత్సరాల పైచిలుకు. 1916 నుండి 1932 వరకు, అంటే ఒక ఆటగాడి శక్తిసామర్థ్యాలు ఉచ్చస్థితిలో ఉండే వయస్సంతా, ఆడటానికి ఇతనికి టెస్ట్ క్రికెట్ అనేది లేదు.

టెస్ట్ హోదాకు ముందు

నాయుడు 1916లో బొంబాయి చతుర్ముఖ పోటీలలో హిందూ జట్టు తరఫున యూరోపియన్ జట్టుపై ఫస్ట్ క్లాస్ క్రికెట్‌లో ప్రవేశించాడు. 79 పరుగులకు 7 వికెట్లు పడిపోయిన స్థితిలో క్రీజుకు వచ్చి, మూడు బంతులు నిలకడగా ఆడి, నాలుగవ బంతిని సిక్సర్‌గా మలచాడు. తరువాతి నలభై ఏళ్ళ ఆటతీరుకు అది సూచన వంటిది.

ఇతని జీవితంలో అత్యంత ప్రధానమైన ఇన్నింగ్స్ 1926 డిసెంబర్ 1న బొంబాయి జింఖానా మైదానంలో జరిగింది. ఆర్థర్ గిల్లిగన్ నాయకత్వంలో వచ్చిన ఎమ్.సి.సి. జట్టుపై హిందూ జట్టు తరఫున ఆడిన నాయుడు రెండు గంటల లోపే 153 పరుగులు చేశాడు. అందులో 11 సిక్సర్లు, 13 ఫోర్లు ఉన్నాయి. ఒక ఫస్ట్ క్లాస్ ఇన్నింగ్స్‌లో 11 సిక్సర్లు అప్పటికి ప్రపంచ రికార్డు. ఎమ్.సి.సి. జట్టు ఇతనికి వెండి బ్యాటును బహూకరించింది.

ఈ ఇన్నింగ్స్ ప్రాముఖ్యం పరుగులలో లేదు. ఆ పర్యటన సమయంలో భారతీయుల ఆట టెస్ట్ స్థాయికి తగినదేనన్న అభిప్రాయం బలపడింది. దేశమంతటికీ ఒక క్రికెట్ పాలక సంస్థ కావాలన్న ఆలోచన అప్పుడే రూపుదిద్దుకుంది. 1928లో భారత క్రికెట్ నియంత్రణ మండలి (బీసీసీఐ) ఏర్పడింది. నాలుగేళ్ళ తరువాత భారతదేశం టెస్ట్ ఆడింది. నాయుడు ఒక్కడి వల్లనే ఇదంతా జరిగిందనడం అతిశయోక్తి అవుతుంది. కాని ఆ వాదనకు జనం కళ్ళముందు నిలిచిన సాక్ష్యం ఆ ఇన్నింగ్సే. ఆ రికార్డు ఏ టెస్ట్ గణాంకాలలోనూ కనిపించదు.

టెస్ట్ నాయకత్వం

1932 ఇంగ్లాండు పర్యటనకు పోరుబందర్ మహారాజు నాయకుడుగా, లింబ్డీ యువరాజు ఉపనాయకుడుగా ఎంపికయ్యారు. ఆనాడు నాయకత్వానికి సంస్థాన హోదా ముఖ్యమైన అర్హత. అయితే లార్డ్స్‌లో జరిగిన ఏకైక టెస్ట్‌కు ఇద్దరూ తప్పుకొనడంతో నాయుడు నాయకత్వం వహించాడు. ఫీల్డింగ్‌లో చేతికి గాయమైనా మొదటి ఇన్నింగ్స్‌లో 40 పరుగులు చేశాడు. ఆ ఇన్నింగ్స్‌లో భారత జట్టుకు అదే అత్యధిక వ్యక్తిగత స్కోరు. భారతదేశం 158 పరుగుల తేడాతో ఓడిపోయినప్పటికీ మహమ్మద్ నిసార్, అమర్ సింగ్‌ల బౌలింగ్‌తో కలిపి ఈ ప్రదర్శన ఇంగ్లాండు విమర్శకుల గౌరవాన్ని పొందింది.

ఆ పర్యటనలోని ఫస్ట్ క్లాస్ మ్యాచ్‌లలో నాయుడు 1,618 పరుగులు చేసి 65 వికెట్లు తీసుకున్నాడు. విజ్డెన్ పత్రిక 1933లో ఇతనిని ఆ ఏటి ఐదుగురు మేటి క్రికెటర్లలో ఒకడుగా ఎంపిక చేసింది. ఇతనికి పూర్వం రంజిత్‌సింహ్‌జీ, దులీప్‌సింహ్‌జీ, పటౌడీ నవాబు ఈ గౌరవం పొందారు గాని వారు అప్పటికి ఇంగ్లాండులో, ఇంగ్లాండు క్రికెట్ ద్వారా పేరు పొందినవారు. భారత జట్టు సభ్యుడుగా ఈ గుర్తింపు పొందిన మొదటివాడు నాయుడు.

1933-34లో డగ్లస్ జార్డిన్ నాయకత్వంలో ఇంగ్లాండు జట్టు వచ్చినప్పుడు భారతగడ్డపై జరిగిన తొలి మూడు టెస్టులకు నాయుడే నాయకుడు. బొంబాయి టెస్ట్ రెండవ ఇన్నింగ్స్‌లో లాలా అమర్‌నాథ్ భారతదేశం తరఫున తొలి టెస్ట్ సెంచరీ చేశాడు. అతనితో కలిసి నాయుడు 186 పరుగుల భాగస్వామ్యం నెలకొల్పి 67 పరుగులు చేశాడు. బొంబాయి, మద్రాసు టెస్టులలో ఇంగ్లాండు గెలిచింది. కలకత్తా టెస్ట్ డ్రా అయింది.

1936 ఇంగ్లాండు పర్యటనకు నాయకత్వం నాయుడుకు దక్కలేదు. విజయనగరం మహారాజకుమార్ (విజ్జీ) నాయకుడయ్యాడు. ఆట కంటే పలుకుబడి నాయకత్వాన్ని నిర్ణయించిన సందర్భంగా క్రికెట్ చరిత్రకారులు దీనిని పేర్కొంటారు. ఆ పర్యటన జట్టులోని కలహాలకు, లాలా అమర్‌నాథ్‌ను మధ్యలో వెనుకకు పంపడానికి పేరు పడింది. నాయుడు మూడు టెస్టులలోను సామాన్య సభ్యుడుగా ఆడాడు. ఓవల్‌లో జరిగిన చివరి టెస్ట్ రెండవ ఇన్నింగ్స్‌లో గబ్బీ అలెన్ బంతి శరీరానికి బలంగా తగిలినా కొనసాగి 81 పరుగులు చేశాడు. అది ఇతని అత్యధిక టెస్ట్ స్కోరు, ఆఖరి టెస్ట్ కూడా. అప్పటికి ఇతని వయస్సు 40 ఏళ్ళు.

దీర్ఘమైన విరమణ

నేటి క్రికెటర్లు ఒక తేదీన విరమణ ప్రకటిస్తారు. ఆ రోజు వారి గణాంకాలు ముగుస్తాయి, వారసత్వంపై చర్చ మొదలవుతుంది. నాయుడు విషయంలో అటువంటి తేదీ లేదు. 1936 తరువాత భారతదేశం మళ్ళీ టెస్ట్ ఆడింది 1946లోనే. రెండవ ప్రపంచ యుద్ధం మధ్యకాలాన్ని మింగివేసింది. అంతర్జాతీయ క్రికెట్ నుండి ఇతడు విరమించలేదు, అంతర్జాతీయ క్రికెటే పదేళ్ళపాటు ఇతనికి దూరమయింది.

అయినా ఆట ఆగలేదు. 1945-46 రంజీ ట్రోఫీ ఫైనల్‌లో బరోడాపై 200 పరుగులు చేసినప్పుడు ఇతనికి 50 ఏళ్ళు. హోల్కర్ జట్టు ఇతని నాయకత్వంలో 1945-46, 1947-48, 1950-51, 1952-53 సంవత్సరాలలో నాలుగు సార్లు రంజీ ట్రోఫీ గెలుచుకుంది. ముస్తాక్ అలీ, చందూ సర్వతే వంటి ఆటగాళ్ళు ఆ జట్టులో ఉన్నారు. 1951-52 ఫైనల్‌లో బొంబాయి బౌలర్ దత్తూ ఫాడ్కర్ బంతి నోటికి తగిలి పళ్ళు ఊడినా, వాటిని పిచ్ మీద నుంచి తుడిచివేసి 66 పరుగులు చేశాడని ప్రసిద్ధి. అప్పుడు ఇతని వయస్సు 56.

1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. ఆంధ్ర జట్టు 1953-54లో మొదటిసారి రంజీ ట్రోఫీలో పాల్గొన్నప్పుడు దానికి నాయకత్వం వహించినది నాయుడే. అప్పటికి 58 ఏళ్ళు. భారత జట్టు తొలి నాయకుడే ఆంధ్ర జట్టుకు కూడా తొలి రంజీ నాయకుడు కావడం విశేషం. 1956-57లో ఉత్తర ప్రదేశ్ తరఫున చివరి రంజీ మ్యాచ్ ఆడాడు. 1963-64లో నాగపూరులో జరిగిన ఒక సహాయనిధి మ్యాచ్ ఇతని ఆఖరి ఫస్ట్ క్లాస్ మ్యాచ్. అప్పుడు 68 ఏళ్ళు.

ఈ దీర్ఘాయువు గణాంకాల పరంగా ఇతనికి కొంత నష్టం కూడా చేసింది. వయస్సు మీరిన తరువాత ఆడిన మ్యాచ్‌లన్నీ సగటులో కలిసిపోయాయి.

హాల్ ఆఫ్ ఫేమ్ కొలతలు

ఐసీసీ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరడానికి ఆటగాడు అంతర్జాతీయ క్రికెట్ నుండి తప్పుకొని ఐదేళ్ళు గడవడం సాధారణ నియమం. బ్యాట్స్‌మెన్‌కు టెస్టులలో గాని వన్డేలలో గాని 8,000 పరుగులు, 20 సెంచరీలు, లేదా ఒక విభాగంలో 50కి పైబడిన సగటు అన్నవి మామూలు కొలతలు. నాయకులకు కనీసం 25 టెస్టులు లేదా 100 వన్డేలు, వాటిలో సగమైనా విజయాలు అన్నది మరొక కొలత. ఇవికాక ఆట చరిత్రపై చెరగని ముద్ర వేసినవారిని కూడా పరిగణించవచ్చును.

ఈ కొలతలు ఎంత కఠినమైనవో తెలుసుకోవడానికి వి.వి.ఎస్.లక్ష్మణ్ ఉదాహరణ చాలును. 2012 ఆగస్టులో విరమణ ప్రకటించిన ఈ హైదరాబాదు ఆటగాడు 134 టెస్టులలో 45.97 సగటుతో 8,781 పరుగులు చేశాడు. సెంచరీలు 17. పరుగుల కొలత దాటినా సెంచరీల కొలతకు మూడు, సగటు కొలతకు నాలుగు పైచిలుకు తక్కువయ్యాయి. 2001లో కలకత్తాలో ఆస్ట్రేలియాపై చేసిన 281 పరుగులు భారత క్రికెట్ గతిని మార్చాయని అందరూ అంగీకరిస్తారు. అయినా 2025 నాటి జాబితాలో అతని పేరు లేదు. అదే సమయంలో 23 సెంచరీలు, 8,586 పరుగులు చేసిన వీరేంద్ర సెహ్వాగ్‌కు 2023లో స్థానం లభించింది.

ఇక్కడ ఒక పోలిక గమనించదగినది. లక్ష్మణ్ చివరి టెస్ట్ ఆడినది 37 ఏళ్ళ వయస్సులో. నాయుడు మొదటి టెస్ట్ ఆడినది 36 ఏళ్ళ వయస్సులో. ఒకరి టెస్ట్ జీవితం ముగిసిన ఈడులో మరొకరి టెస్ట్ జీవితం మొదలయింది. లక్ష్మణ్‌ను అంకెలతో కొలిచి తక్కువయ్యాడనడం వాదించదగిన విషయం. నాయుడును అవే అంకెలతో కొలవడం మాత్రం అసలు పొసగదు. కనుక ఇతని అర్హతను "చెరగని ముద్ర" అన్న ప్రాతిపదికపైనే చూడవలసి ఉంటుంది.

పూర్వ ఉదాహరణలు

ఈ ప్రాతిపదికపై ఐసీసీ ఇదివరకే కొన్ని నిర్ణయాలు తీసుకున్నది. 2021లో ప్రపంచ టెస్ట్ ఛాంపియన్‌షిప్ ఫైనల్ సందర్భంగా ఐదు యుగాలకు ఇద్దరేసి చొప్పున పదిమందిని ప్రత్యేకంగా చేర్చారు. రెండు ప్రపంచ యుద్ధాల నడిమి యుగానికి వెస్టిండీస్‌కు చెందిన లియరీ కాన్‌స్టంటైన్, ఆస్ట్రేలియాకు చెందిన స్టాన్ మెక్‌కేబ్ ఎంపికయ్యారు. యుద్ధానంతర యుగానికి వినూ మన్కడ్, టెడ్ డెక్స్‌టర్ ఎంపికయ్యారు.

వీరిలో నాయుడుకు అతి దగ్గరగా వచ్చేవాడు కాన్‌స్టంటైన్. 18 టెస్టులలో అతని బ్యాటింగ్ సగటు 19.24, తీసుకున్న వికెట్లు 58. ఈ అంకెలతోనే అయితే అతనికి స్థానం లభించి ఉండేది కాదు. కాని అతడు 1928లో వెస్టిండీస్ ఆడిన తొలి టెస్టులో పాల్గొన్నాడు. లాంకషైర్ లీగ్‌లో నెల్సన్ క్లబ్ తరఫున ఆడి జనాన్ని మైదానాలకు రప్పించాడు. వర్ణవివక్షపై 1944లో లండన్ న్యాయస్థానంలో గెలిచిన దావా, తరువాతి ప్రజాజీవితం, 1969లో ప్రభువుల సభలో లభించిన స్థానం అతని పేరును ఆట సరిహద్దులు దాటించాయి. అంటే, ఒక వలస దేశపు ఆటను ప్రపంచం గుర్తించేలా చేయడం అర్హతగా పరిగణించబడింది.

నాయుడు చేసినది కూడా ఇటువంటిదే. ఆట నాయకత్వం రాజకుటుంబాలకే చెందుతుందన్న అభిప్రాయం బలంగా ఉన్న రోజులలో రాచపుట్టుక లేని ఒక ఆటగాడు తన ఆటతో భారతదేశపు తొలి నాయకుడయ్యాడు. జనం ఇతని ఆట చూడటానికి మైదానాలకు తరలివచ్చారు. వ్యాపార ప్రకటనలో కనిపించిన తొలి భారతీయ క్రికెటర్‌గా కూడా ఇతనిని పేర్కొంటారు. తరువాతి తరాల క్రికెటర్ల ప్రజాదరణకు తొలి రూపం ఇతనిలోనే కనిపిస్తుంది.

దేశంలో లభించిన గుర్తింపు

స్వదేశంలో నాయుడుకు గుర్తింపు లోటు లేదు. జీవితకాల సాఫల్యానికి బీసీసీఐ 1994లో నెలకొల్పిన అత్యున్నత పురస్కారం కల్నల్ సి.కె.నాయుడు పేరు మీదనే ఉన్నది. దానిని మొదట అందుకున్నవాడు లాలా అమర్‌నాథ్. 2025 ఫిబ్రవరిలో సచిన్ టెండుల్కర్ అందుకున్నాడు. యువ ఆటగాళ్ళ జాతీయస్థాయి పోటీ కూడా సి.కె.నాయుడు ట్రోఫీగా నడుస్తున్నది. 1996లో భారత తపాలా శాఖ నలుగురు క్రికెటర్లపై స్టాంపులు విడుదల చేసింది. వారు డి.బి.దేవధర్, సి.కె.నాయుడు, విజయ్ మర్చంట్, వినూ మన్కడ్. ఈ నలుగురిలో ఐసీసీ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరినది మన్కడ్ ఒక్కడే.

టెండుల్కర్ 2019లోనే హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు. అంటే నాయుడు పేరుతో ఇచ్చే పురస్కారాన్ని అందుకున్నవారు ఆ మందిరంలో ఉన్నారు, ఆ పేరు గల వ్యక్తి మాత్రం లేడు.

ప్రతికూల వాదనలు

నాయుడు చేరికకు వ్యతిరేకంగా వినిపించే వాదనలు కొట్టివేయదగినవి కావు.

మొదటిది పోటీ. విజయ్ మర్చంట్ ఫస్ట్ క్లాస్ సగటు 71.64, పది టెస్టులలో సగటు 47.72. అతనితో పాటు విజయ్ హజారే, లాలా అమర్‌నాథ్ కూడా జాబితాలో లేరు. కేవలం ఆట ప్రమాణంతో చూస్తే వీరిలో కొందరు నాయుడు కంటే ముందు నిలుస్తారు.

రెండవది చతుర్ముఖ పోటీల స్వభావం. నాయుడు కీర్తికి పునాది పడినది హిందూ, ముస్లిం, పార్సీ, యూరోపియన్ జట్లుగా మతప్రాతిపదికపై విడిపోయి ఆడిన పోటీలలో. 1940లో మహాత్మా గాంధీ ఈ పోటీలను బహిరంగంగా వ్యతిరేకించాడు. 1945-46 తరువాత అవి నిలిచిపోయాయి. అయితే ఆనాడు దేశంలో అత్యున్నత స్థాయి ఆట అవే పోటీలలో ఉండేది. ఆటగాళ్ళకు వేరే వేదిక లేదు.

మూడవది న్యాయం. టెస్ట్ హోదాకు ముందరి ఆటను లెక్కలోకి తీసుకుంటే, ఒక్క టెస్ట్ కూడా ఆడే అవకాశం లేకపోయిన పల్వంకర్ బాలూ వంటి బౌలర్ల పేర్లను కూడా తీసుకోవలసి వస్తుంది. దళిత కుటుంబంలో పుట్టిన బాలూ 1911 ఇంగ్లాండు పర్యటనలో భారత జట్టుకు ప్రధాన బౌలర్. అతని సోదరుడు విఠల్ 1920లలో హిందూ జట్టుకు నాయకత్వం వహించాడు. ఈ వాదన నాయుడుకు వ్యతిరేకమైనది కాదు. నాయుడు కోసం తలుపు తెరిస్తే దానిని ఇతరులకు మూయరాదని మాత్రమే అది చెబుతుంది.

నాలుగవది నాయకత్వ ఫలితం. నాలుగు టెస్టులలో ఒక్క విజయం కూడా లేదు. భారతదేశం తన మొదటి టెస్ట్ విజయాన్ని సాధించినది 1952లో, మద్రాసులో, విజయ్ హజారే నాయకత్వంలో.

కృష్ణా డెల్టాతో సంబంధం

మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ ప్రాంతాలలో నాయుడును తమవాడుగా భావించడం సహజం. దీనిని కొంత జాగ్రత్తగా అర్థం చేసుకోవలసి ఉన్నది. నాయుడు మచిలీపట్నంలో పుట్టలేదు, పెరగలేదు. ఇతని ఆట నాగపూరులో మొదలై, బొంబాయిలో ప్రసిద్ధమై, ఇండోర్‌లో స్థిరపడింది. బందరుతో ఉన్నది వంశమూలం ద్వారా వచ్చిన సంబంధం. గుడివాడలో 1987లో జన్మించి 2002లో గ్రాండ్‌మాస్టర్ హోదా పొందిన చదరంగ క్రీడాకారిణి కోనేరు హంపికి ఈ ప్రాంతంతో ఉన్న సంబంధం వంటిది కాదు ఇది.

అయినప్పటికీ ఈ సంబంధానికి విలువ లేకపోలేదు. 58 ఏళ్ళ వయస్సులో ఆంధ్ర జట్టుకు నాయకత్వం వహించడం రికార్డులలో ఉన్న విషయం. కొత్త రాష్ట్రపు కొత్త జట్టుకు అప్పుడు కావలసినది పరుగుల కంటే గౌరవం. దేశమంతా ఎరిగిన పేరు జట్టుముందు నిలవడం వల్ల అది లభించింది. వంశమూలం గురించిన గర్వం కంటే ఈ ఒక్క సీజన్ ఆంధ్రులకు ఇతనిపై ఎక్కువ హక్కు ఇస్తుంది.

2025 నాటి జాబితాలోని 11 మంది భారతీయులలో తెలుగు ఆటగాడెవరూ లేరు. హైదరాబాదు నుండి ఆడిన మిథాలీ రాజ్ 2022 జూన్‌లో విరమించింది. ఆమె తమిళ కుటుంబానికి చెందినది. వన్డేలలో 7,805 పరుగులు, 50.68 సగటు ఉన్నందున ఆమె కొలతలకు సరిపోతుంది. ఐదేళ్ళ నియమం ప్రకారం 2027 తరువాత ఆమె పేరు పరిశీలనకు వచ్చే అవకాశం ఎక్కువ.

అవకాశాలు

నాయుడు చేరిక అసాధ్యం కాదు, కాని ప్రస్తుత పద్ధతి ఇతనికి అనుకూలంగా లేదు. ఓటు వేసేవారిలో జీవించి ఉన్న హాల్ ఆఫ్ ఫేమ్ సభ్యులు, పాత్రికేయులు, క్రికెట్ సంస్థల ప్రతినిధులు ఉంటారు. తాము చూసినవారిని, తమతో ఆడినవారిని ఎంచుకోవడం మానవ సహజం. 2021 ప్రత్యేక ఎంపిక తరువాత 2025 వరకు చేరినవారిలో 1970ల కంటే ముందు అంతర్జాతీయ క్రికెట్ ఆడినవారు ఒక్కరూ లేరు. నాయుడు ఆట చూసినవారు దాదాపుగా మిగలలేదు. ఇతని ఇన్నింగ్సులకు చలనచిత్రాలు కూడా బహు తక్కువ.

కనుక సాధారణ వార్షిక ఎంపికలో నాయుడుకు అవకాశం స్వల్పం. 2021లో వలె యుగాల వారీగా మరొక ప్రత్యేక ఎంపిక జరిగితే మాత్రం ఇతని పేరు బలంగా నిలుస్తుంది. భారతదేశపు తొలి టెస్ట్‌కు 2032 జూన్‌తో నూరేళ్ళు నిండుతాయి. అటువంటి పరిశీలనకు అంతకంటే తగిన సందర్భం ఉండదు.

హాల్ ఆఫ్ ఫేమ్‌లో పేరు లేనందువల్ల నాయుడు స్థాయి తగ్గదు. తగ్గేది ఆ జాబితా చెప్పే చరిత్ర సమగ్రత. గవాస్కర్, కపిల్ దేవ్, టెండుల్కర్, ధోనీ ఉన్న వరుసలో వారి ఆటకు తొలి అధ్యాయం లేకపోవడం పాఠకునికి తప్పుడు అభిప్రాయం కలిగిస్తుంది. భారత క్రికెట్ 1932లో శూన్యం నుండి పుట్టలేదు. ఆ రోజు లార్డ్స్‌లో జట్టును నడిపించినవాడు అప్పటికే పదహారేళ్ళుగా ఆడుతూ ఉన్నాడు.